తృప్తియు దుఃఖమును

మాటలకును పూర్వజన్మములు కలవు. ఒక యర్థమున పుట్టిన మాట మరియొక యర్థమున పెరిగి, మూడవ యర్థమున మన నోటికి వచ్చును. దానిని పలుకు మనకు ఆ వెనుకటి కథ తెలియదు. తెలియకున్నను ఆ మాట తన పూర్వవాసనలను పూర్తిగా విడువదు. అట్టి యొక మాటను గూర్చి, అదియు మన భాషలోనిది కాక ఆంగ్లమున పసిపిల్లలు సైతము వాడు మాటను గూర్చి, ఇచ్చట కొంత విచారింతము. అధ్యాత్మ విషయములకై పత్రికను తెరచినవారికి ఆంగ్లపద విచారమేల యని సందేహము కలుగవచ్చును. దానికి ముందుగా సమాధానము చెప్పుటకంటె మాట కథనే చెప్పుట మేలు.

ఆ మాట 'శాడ్'. దుఃఖితుడు, విచారముతో నున్నవాడు అని నేటి యర్థము. మన యిండ్లలో తెలుగు మాటలాడు పిల్లలును 'శాడ్‌గా ఉన్నది' అనుచున్నారు. కాని సుమారు వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున ఈ మాటకు దుఃఖితుడని యర్థము లేదు. కడుపు నిండినవాడు, తనివి తీరినవాడు అని యర్థము. చక్కగా భుజించి, ఇక చాలునని విస్తరి ముందునుండి లేచువాని స్థితిని ఆ మాట చెప్పెడిది. దీనికి జ్ఞాతియైన జర్మను మాట 'జాట్' నేటికిని ఆ మొదటి యర్థముననే నిలిచియున్నది. జర్మనీలో మారు వడ్డింపవచ్చిన గృహిణితో అతిథి 'నేను జాట్' అనినచో, నాకు కడుపు నిండినదని చెప్పుటయే. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకడు భోజనశాలయందే కూర్చుండి యుండగా, రెండవవాడు ఏ దారిని పోయి దుఃఖపు వాకిట నిలిచెను? కడుపు నిండినవానికి ఏడ్పు ఎక్కడిది?

దారి తెలిసినదే. నిండినవానికి మొదట విసుగు పుట్టును. ఇంకను వడ్డించినచో వెగటు. ప్రాచీన ఆంగ్లముననే ఈ మాటకు 'విసిగినవాడు' అను ఛాయ చేరినది. పిమ్మట బరువు: మితిమీరి తినినవాడు కదలలేడు. బరువైనది గట్టిగా నిలుచును గావున, గట్టిది, స్థిరమైనది అను నర్థము వచ్చెను. స్థిరమైన మనుష్యుడు చపలుడు కాడు, కావున గంభీరుడు. గంభీరుని ముఖమున నవ్వు కానరాదు, కావున విచారగ్రస్తుడు. 14వ శతాబ్దము నాటికి ఈ యర్థములన్నియు ఒకే మాటలో కలసి కాపురముండెను. పిమ్మట మెల్లమెల్లగా తక్కినవన్నియు తొలగిపోయి చివరిదొక్కటే మిగిలినది.

తొలగిపోయిన యర్థములు పూర్తిగా నశింపలేదు. వంటింటను, చాకలి యింటను దాగియున్నవి. 19వ శతాబ్దమున ఆంగ్లదేశమునను అమెరికాయందును ఇస్త్రీకి వాడిన ఘనమైన ఇనుపదిమ్మెకు 'శాడ్ ఐరన్' అని పేరు. మన వీధులలోని ఇస్త్రీపెట్టె లోపల గుల్లగా నుండి, బొగ్గులు పోసికొనుటకు వీలుగా నుండును. ఆ ఇనుపదిమ్మె అట్టిది కాదు. లోపలను వెలుపలను ఇనుమే. పొయ్యిపై కాల్చి వాడవలసినది. పిడితోకూడ కాలును గనుక, 1871లో మేరీ పాట్స్ అను అమెరికా గృహిణి తీసి తగిలించుకొను పిడిని కనిపెట్టి, దానికి పేటెంటు పొందెను. ఆ ఇనుమునకు దుఃఖమేమియు లేదు. అది బరువైనదని మాత్రమే పేరు చెప్పుచున్నది. ఆంగ్లదేశపు ఉత్తర ప్రాంతములలో పిండి పొంగక గట్టిపడిపోయిన రొట్టెను గూడ ఈ మాటతోనే పిలుతురు. మన యిండ్లలో పిండి పులియని నాటి ఇడ్లీ వంటిదన్నమాట. అద్దకమువారు ముదురు రంగులకు ఈ విశేషణమునే చేర్చెడివారు. 17వ శతాబ్దమున న్యూ ఇంగ్లండునకు వలసపోయిన ప్యూరిటనులకు ఇష్టమైన వస్త్రములు ఆ రంగులవే.

వీనికంటె గొప్ప సాక్ష్యము ఛాసర్ మహాకవి యొద్ద నున్నది. 1400లో మరణించిన యీ కవి తన కాంటర్‌బరీ కథలలో గ్రిసెల్డా యను ఇల్లాలి కథను చెప్పెను. భర్త ఆమె ఓర్పును పరీక్షింపనెంచి బిడ్డలను ఒకరి వెంట ఒకరిని తీసికొనిపోవును. వారిని చంపించితినని తలపింపజేయును. తుదకు పుట్టినింటికి పంపివేయును. ఇన్నింటియందును ఆమె చలింపలేదని చెప్పుటకు కవి వాడిన మాట 'శాడ్'. నేటి విద్యార్థి దానిని చదివి, పాపము ఆమె మిగుల దుఃఖించెననుకొనును. కవి చెప్పినది అందుకు విరుద్ధము: ఆమె దుఃఖమునకు లొంగలేదు. అదే కథలో గాలివాటుగా మనసు మార్చుకొను జనసమూహమును ఆ మాటకు నిషేధమును చేర్చి 'అన్‌శాడ్' అని నిందించెను. నిలుకడ లేనివారని దాని యర్థము. ఆ భర్త చేసిన పరీక్షను మెచ్చుకొనుట నా వలన కాదు. కాని స్థితప్రజ్ఞతకు వాడిన మాట శోకమునకు పేరగుట మాత్రము మిక్కిలి ఆలోచింపదగినది.

ఈ మార్పు ఆంగ్లమునకే ప్రత్యేకము కాదు. సంస్కృతమున 'గురు' శబ్దమునకు మొదటి యర్థము బరువైనది. ఆ బరువే పూజ్యత్వమై, అజ్ఞానమును తొలగించు ఆచార్యునకు పేరైనది. లాటిను భాషలోని 'గ్రావిస్' ఈ గురు శబ్దమునకు సోదరము. దానినుండి ఆంగ్లమునకు రెండు మాటలు వచ్చినవి: గాంభీర్యమును చెప్పు 'గ్రావిటీ' యొకటి, శోకమును చెప్పు 'గ్రీఫ్' మరియొకటి. ఒకే బరువు, మోయు విధమునుబట్టి ఒకచోట గురుత్వమైనది. మరియొకచోట గుండెకోత యైనది. తెలుగువారమగు మనమును గుండె బరువెక్కినదనియే అందుము గదా.

సంస్కృత, లాటిను, గ్రీకు భాషలకు ఏకమూలము ఉండవలెనని 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు ప్రకటించినది మొదలు ఇట్టి చుట్టరికములను వెదకు శాస్త్రము పెంపొందినది. ఆ శాస్త్రము మన పదమునకు లాటినున చూపు జ్ఞాతి 'శాటిస్'. చాలినంత అని దాని యర్థము. 'శాటిస్‌ఫాక్షన్' అనగా చాలినంత చేయుట. ఇప్పుడు గమనింపుడు: ఆంగ్లమున తృప్తికి వాడు మాటయు దుఃఖమునకు వాడు మాటయు ఒకే మూలమునుండి పుట్టినవి! నిఘంటువున రెండును దూరదూరముగా కూర్చున్నను, తాతగారి యిల్లు ఒకటే.

ఆ కుటుంబపు తక్కిన బిడ్డలును చూడదగినవారే. తృప్తి యని మనమనుకొను 'శాటిస్‌ఫాక్షన్' ఆంగ్లమున ప్రవేశించినప్పుడు సుఖార్థమున రాలేదు. క్రైస్తవ మతమున పశ్చాత్తాపము, పాపనివేదనము అను వానికి పిమ్మట చేయవలసిన ప్రాయశ్చిత్తమునకు అది పేరు. చేసిన తప్పునకు చాలినంత చేయుటయే అప్పటి తృప్తి, పొందుట కాదు. ఇక నేడు వ్యాపారులును ఆదాయపు పన్ను లెక్కలు చూచువారును నిత్యము వాడు 'అసెట్' అను మాటను తీసికొనుడు. అదియు ఈ మూలమునుండి పుట్టినదే. మరణించినవాని అప్పులు తీర్చి, అతడు వ్రాసిన మరణశాసనమును చెల్లించుటకు 'చాలినంత' ఉన్నదని న్యాయస్థానమున చెప్పుటకు వాడిన మాట అది. అనగా ఆస్తి యని నేడు మనము చెప్పునది మొదట పోయినవాని ఋణము తీర్చుటకు చాలు ద్రవ్యము మాత్రమే. మన పెద్దలు పితృఋణమునకై విడుచు నీటికి 'తర్పణ' మని పేరుపెట్టిరి. తృప్తిపరచుట యని యర్థము. దోసెడు నీళ్లు, కొన్ని నువ్వులు. తృప్తికి ఎంత కావలెనో ఆ కొలతలో తెలియును.

తెలుగు ఈ కుటుంబమునకు చెందిన భాష కాదు. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు 1816లో ఎల్లిస్ దొర నిరూపించెను. చుట్టరికము లేకున్నను అనుభవమొక్కటియే. తనివి, చాలు, వెగటు, మొగము మొత్తుట అను మాటలను వరుసగా పేర్చి చూడుడు. వేయి సంవత్సరములలో ఆంగ్లపదము నడచిన దారి అంతయు మన పెండ్లిపందిరిలో ఒక పూట భోజనమున నడచుచున్నది. మొదటి లడ్డు అమృతము, రెండవది చాలు, మూడవదానిని చూచుటకే మొగము మొత్తును. లడ్డు మారలేదు.

'చాలు' అను మాట యొద్ద ఒక క్షణము ఆగుదము. సంస్కృతమున దీనికి సమానమైనది 'అలమ్'. చాలునని వారించుటకు దీనిని వాడుదురు. కాని 'అలంకారము' అను మాటయు దీనినుండియే ఏర్పడినది. చాలినంతగా, తగినంతగా చేయుట అలంకరించుట. చాలించుటయు శోభయు ఒకే మాటలో నిమిడియున్నవి. మెడలో ఎన్ని గొలుసులు పడినను చాలదనుకొను అలంకారము పేరునకే విరుద్ధము.

ఇక అసలు విషయమునకు వత్తము. యయాతి కథ మనకు తెలిసినదే. శుక్రుని శాపమువలన అకాల వార్ధక్యము వచ్చినది. కొడుకులను ఒక్కొక్కరినే యౌవనము అడిగెను. కడగొట్టువాడగు పూరుడు మాత్రము తన యౌవనమిచ్చి తండ్రి ముసలితనమును గైకొనెను. వేయి సంవత్సరములు భోగములనుభవించి, కోరిక అణగలేదని తెలిసికొని, యౌవనమును కొడుకునకు తిరిగి యిచ్చి యయాతి వనములకు పోయెను. ఈ కథను 16వ శతాబ్దమున పొన్నిగంటి తెలగన్న సంస్కృతపదము కలపక అచ్చతెలుగున కావ్యముగా వ్రాసి, గోల్కొండ సుల్తానుల కాలపు ప్రభువగు అమీనుఖానునకు అంకితమిచ్చెను. కోరిక నిండకపోవుట ఏ భాష వానికైనను, ఏ మతము వానికైనను అర్థమగు కథయే.

కాని యయాతిది నిండనివాని కథ. మన ఆంగ్లపదము చెప్పునది నిండినవాని కథ. రెండును విరుద్ధములుగా తోచును, విచారించినచో ఒకటియే. కడుపునకు భగవంతుడు ఒక కొలత పెట్టెను. అది 'చాలు' అనగలదు. మనస్సునకు అట్టి కొలత లేదు. అది 'ఇంకను' అనును. ఒక దేహముననే ఒకటి చాలుననుచు, రెండవది చాలదనుచున్నప్పుడు మనుష్యుడు బరువెక్కును. ఆకలి యుండిన తినవచ్చును; ఆకలి తీరియు కొరత తీరకున్న ఏమి చేయవలెను? ఆ బరువునకే ఆంగ్లజనులు, తెలియకయే, నిండినవాడని పేరు పెట్టిరి.

ఇది పురాణకాలపు సంగతి మాత్రమే కాదు. నేడు మన యిండ్లలో ఎందరో ఇట్టివారున్నారు. ఇల్లు కట్టిరి, అప్పు తీరినది, పిల్లలకు చదువులు, ఉద్యోగములు, పెండ్లిండ్లు అన్నియు అయినవి, ఒకరు హైదరాబాదున, ఒకరు అమెరికాలో సుఖముగా నున్నారు. పిలిచిన పలుకు పనిమనిషి యున్నది. సాయంకాలము వరండాలో కూర్చున్నప్పుడు మాత్రము గుండెలో ఏదో రాయి పెట్టినట్లుండును. దానిని ఎవరితో చెప్పుకొందురు? 'నీకేమి తక్కువ?' అందురు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. నిజముగా ఏమియు తక్కువ లేదు. అందువలన సిగ్గుపడి, భగవంతుడు ఇంత యిచ్చినను విశ్వాసము లేనివాడనైతినని తమను తాము నిందించుకొందురు. లేదా మరియొక స్థలము కొందురు, మరియొక యాత్రకు టికెట్టు తీసికొందురు. నిండిన పాత్రపై నీరు పోసినట్లు అది పొర్లిపోవును. వీరితో చెప్పవలసినది ఒకటి కలదు: ఈ బరువు కృతఘ్నత కాదు. లోపల నున్నవాడు, ఈ కొలపాత్రలతో తాను నిండువాడను కానని తెలుపుచున్నాడు. ఆకలి దేహమునకు ఎట్లు మేలు చేయునో ఇదియు జీవునకు అట్లే మేలు చేయును.

అయితే ఈ మాటను ఆకలిగొన్నవానికి చెప్పరాదు. విస్తరి లేనివానితో విస్తరి వెగటును గూర్చి ఉపన్యసించుట అధర్మము. అట్లే, దేహదోషమువలన కలుగు విచారమును వేదాంతముతో కప్పిపుచ్చరాదు. శీతకాలమున పగటి వెలుతురు తగ్గు దేశములలో కొందరికి ఏటేట వచ్చు విచారరోగమును 1984లో అమెరికా వైద్యులు వర్ణించి పేరుపెట్టిరి. ఆ పేరులోని మొదటి యక్షరములు కూర్చిన మన మాటయే వచ్చును. దానికి ప్రకాశవంతమైన దీపపు వెలుగే ఒక చికిత్స. నిద్ర చెడి, అన్నము సయింపక, బ్రదుకుమీదనే విరక్తి కలిగినవానిని వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను.

ఇచ్చట ఒక పొరపాటునకు అవకాశము కలదు. ఈ ఆంగ్లపదమును రోమను లిపిలో వ్రాసిన, మన 'సద్' ధాతువును అదే లిపిలో వ్రాసిన, రెండును ఒకే మూడక్షరములు. కనుక రెండును ఒకటే యని కొందరు ఉత్సాహవంతులు చెప్పవచ్చును. అది నిజము కాదు. సద్ అనగా కూర్చుండుట, క్రుంగుట. ఆంగ్లమున దానికి చుట్టము 'సిట్' అను మాట. చుట్టరికము లేదు గాని, మన విచారమునకు ఆ ధాతువు గొప్ప వెలుగు చూపును. 'వి' చేరిన విషాదము: మనస్సు క్రుంగిపోవుట. 'ప్ర' చేరిన ప్రసాదము: మనస్సు తేరుకొనుట. బురదనీటిని బిందెలో పోసి కదల్పక యుంచినచో మన్ను అడుగునకు పోయి నీరు తేటపడును గదా; ఆ తేటదనము ప్రసాదము. గురువుచెంత దగ్గరగా కూర్చుండుటనుండి వచ్చినది ఉపనిషత్తు. కూర్చుండుట ఒకటే, క్రుంగి కూర్చుండవచ్చును, తేరుకొనుటకు కూర్చుండవచ్చును, వినుటకు కూర్చుండవచ్చును. గీతయందు అర్జునుడు మొదటి యధ్యాయము చివర ధనుర్బాణములు విడిచి రథమున చతికిలబడెను. ఆ యధ్యాయమునకు విషాదయోగమనియే పేరు. విషాదమును యోగమని పిలుచుటకు మన పూర్వులకు ఎంత ధైర్యము! లేచిపోక, అక్కడనే కూర్చుండి ప్రశ్నించెను గనుక అది యోగమైనది. దేవాలయమున అర్చకుడు చేతిలో పెట్టు పిడికెడు పులిహోరకును ప్రసాదమనియే పేరు. దానిని కడుపు నింపుకొనుటకు ఎవరును తినరు. తినిన పిమ్మట చాలలేదని ఎవరును వగవరు.

నిండియు దుఃఖించినవారిలో మొదట చెప్పదగినవాడు నారదుడు. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ యధ్యాయమున ఆయన సనత్కుమారుని చెంతకు వచ్చెను. ఇంతవరకు ఏమి నేర్చితివో చెప్పుమనగా పట్టిక మొదలుపెట్టెను: నాలుగు వేదములు, ఇతిహాస పురాణములు, గణితము, తర్కము, నక్షత్రశాస్త్రము, సర్పవిద్య... వినువానికి ఆయాసము కలుగునంతటి పట్టిక. ఇంత నేర్చియు తాను శోకమున నున్నాననియు, ఆత్మ నెరిగినవాడు శోకమును దాటునని విన్నాననియు, తన్ను ఆవలి యొడ్డునకు చేర్పుమనియు వేడుకొనెను. విద్యతో కడుపు నిండినవాడు, బరువెక్కినవాడు. ఇంతకంటె సరిగా ఆ ప్రాచీన ఆంగ్లపదమునకు తగినవాడు మరియొకడు కానరాడు.

సనత్కుమారుడు ఆయనను ఓదార్పలేదు. నీవు నేర్చినదంతయు నామమే, పేరులే యని చెప్పెను. తిరస్కరింపను లేదు, ఆ నామమునే ఉపాసింపుమనెను. నామముకంటె గొప్పది కలదా యని నారదుడడిగెను. వాక్కు. దానికంటె? మనస్సు. ఇట్లు మెట్టు వెంట మెట్టు. ధ్యానమును విజ్ఞానమును దాటిన పిమ్మట తొమ్మిదవ మెట్టున అన్నము వచ్చును. పది దినములు తిననివాడు బ్రదికియున్నను చూడలేడు, వినలేడు, తలపలేడని ఆచార్యుడు శిష్యునకు చెప్పెను. ఆకలిని దాటింపక పై మెట్టు చూపు మార్గము కాదది. పదునైదవ మెట్టు ప్రాణము. అక్కడకు వచ్చుసరికి నారదుడు ప్రశ్నించుట మానెను. దీనికంటె గొప్పది కలదా యని అడుగలేదు. తనివి తీరినది; ఇక చాలుననుకొనెనని భగవత్పాదులు ఆ చోటున వ్యాఖ్యానించిరి.

సనత్కుమారుడు ఆగలేదు. అడుగని శిష్యునకు తానే చెప్పసాగెను: సత్యమును తెలిసికొనవలెను; దానికి మననము, మననమునకు శ్రద్ధ, శ్రద్ధకు నిష్ఠ, నిష్ఠకు కృతి, కృతికి సుఖము. ఏది సుఖము? అల్పమున లేదు, భూమయే సుఖమని చెప్పి, ఆ భూమ యెట్టిదో చెప్పుటకు ఆరంభించెను. నారదుడు మరల చెవియొగ్గి కూర్చుండెను.